మేసన్‌లోని తెలుగు సీనియర్లకు: కొత్త బ్యాచ్‌కి ఆ విగ్రహంలోని మనిషిని కూడా పరిచయం చేయండి

అమెరికాలో, వర్జీనియాలోని జార్జ్ మేసన్ యూనివర్సిటీలో చదువుతూ, ప్రతి ఆగస్టులో కొత్తగా దిగే తెలుగు పిల్లలకు అండగా నిలబడుతున్న సీనియర్లకు నమస్కారం.

మీరు చేసే పని నేను చూస్తూనే ఉంటాను. డల్లెస్ ఎయిర్‌పోర్టులో పికప్, మొదటి వారం ఎవరి ఫ్లాట్‌లో సర్దుకోవాలి, సిమ్ కార్డు, బ్యాంకు అకౌంటు, లీజు మీద సంతకం పెట్టే ముందు ఏం చూసుకోవాలి, ఏ సెమిస్టర్‌లో ఏ సబ్జెక్టు తీసుకుంటే నెత్తిమీద బరువు తగ్గుతుంది... ఇవన్నీ పైసా తీసుకోకుండా చేస్తున్నారు. ఊళ్లో ఉన్న తల్లిదండ్రుల టెన్షన్ సగం తగ్గేది మీ వల్లే. ఆ పనులకు ఇంకొకటి చేర్చమని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

కొత్తగా వచ్చిన ప్రతి విద్యార్థీ మొదటి వారంలోనే క్యాంపస్ నడిబొడ్డున ఉన్న కంచు విగ్రహం పక్కన ఫొటో దిగి ఇంటికి పంపిస్తాడు. విగ్రహం ఎవరిదని ఇంట్లో అడిగితే "యూనివర్సిటీ పేరు ఆయనదే" అంటాడు, అంతే. రెండేళ్ల తర్వాత డిగ్రీ పట్టా మీదకూ, ఆ తర్వాత బతికినన్నాళ్లూ రెజ్యూమె మీదకూ ఎక్కే పేరు అది. ఆ పేరుగల మనిషి ఏం చేశాడో, ఏం చేయకుండా వదిలేశాడో కొత్తవాళ్లకు మొదటి నెలలోనే చెప్పండి. విగ్రహానికి దగ్గర్లోనే, ఆయన బానిసలుగా ఉంచుకున్నవాళ్ల స్మారకం ఉంది. పిల్లలను అక్కడికి తీసుకెళ్లి చెప్పండి.

ముందు మనిషి గురించి. జార్జ్ మేసన్ 1725లో వర్జీనియాలో, పొటోమాక్ నది ఒడ్డున పుట్టాడు. ఆయనకు తొమ్మిదేళ్లప్పుడు తండ్రి ఆ నదిలోనే పడవ తిరగబడి చనిపోయాడు. వీలునామా లేకపోతే భూమంతా పెద్దకొడుకుకే చెందాలనేది అప్పటి వర్జీనియా చట్టం. అలా వేల ఎకరాలూ, వాటిమీద పనిచేసే బానిసలూ ఆ పిల్లవాడి వాటాకి వచ్చారు. తల్లి ఆన్ మేసన్ ఎస్టేట్ నడిపింది. మేనమామ వరసయ్యే జాన్ మెర్సర్ అనే లాయరు ఇంట్లో పెద్ద లైబ్రరీ ఉండేది. మేసన్ చదువంతా చాలావరకు అక్కడే జరిగింది. ఆయన కాలేజీకి వెళ్లలేదు, లాయరు కాలేదు. అయినా చట్టం విషయంలో ఆయన మాటకు వర్జీనియాలో ఎదురుండేది కాదు.

1750లో ఆన్ ఐల్‌బెక్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆ దశాబ్దంలోనే గన్‌స్టన్ హాల్ అనే ఇల్లు కట్టించాడు. ఇటుక గోడల మధ్య చెక్క మీద చెక్కిన పనితనం చూస్తే ఇప్పటికీ కళ్లు తిరుగుతాయి. లోపలి పనిని రూపొందించిన విలియం బక్‌లాండ్ ఇంగ్లండ్ నుంచి ఒప్పందం మీద వచ్చిన వడ్రంగి. ఒప్పందం గడువు తీరగానే అతను స్వేచ్ఛగా వెళ్లిపోయి పేరు తెచ్చుకున్నాడు. అదే ఆవరణలో పనిచేసిన నల్ల వడ్రంగులకు గడువనేదే లేదు.

1758లో మేసన్ వర్జీనియా శాసనసభకు, అంటే అప్పటి హౌస్ ఆఫ్ బర్జెసెస్‌కు ఎన్నికయ్యాడు. మూడేళ్లు ఉండి బయటికొచ్చేశాడు. రాజకీయమంటే ఆయనకు ఒళ్లుమంట. దానికి తోడు గౌట్ అనే కీళ్ల నొప్పి జీవితాంతం వేధించింది. ఇల్లు కదలడం ఇష్టంలేని ఈ మనిషినే పొరుగువాడు జార్జ్ వాషింగ్టన్‌తో సహా అందరూ మళ్లీ మళ్లీ బయటికి లాక్కొచ్చారు. కారణం ఒకటే, తీర్మానం రాయాలంటే ఆయన కలమే కావాలి.

ఆయన కొడుకుల్లో ఒకడైన జాన్ మేసన్ పెద్దయ్యాక తన బాల్యం గురించి రాసుకున్నాడు. తండ్రి బానిసల్లో వడ్రంగులు, పీపాలు చేసేవాళ్లు, రంపం కోతవాళ్లు, కమ్మరులు, తోళ్లు ఊనేవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, నూలు వడికేవాళ్లు, నేతగాళ్లు, ఆఖరికి సారా బట్టీ నడిపేవాడు కూడా ఉండేవాడట. ఎస్టేటుకు కావలసినవన్నీ బయట కొనకుండా లోపలే తయారయ్యేవి. ఇంటి పని చేసే బానిసల దుంగల ఇళ్లను 'లాగ్ టౌన్' అనేవారు. మేసన్ సొంత పనులు చూసే జేమ్స్ కుటుంబం ఉండేది అక్కడే. మేసన్ ఎస్టేటు లెక్కలు మేనేజరును పెట్టకుండా తనే చూసుకునేవాడు. అంటే ఎవరు ఏ పని చేస్తున్నారో, ఎవరికి ఎందరు పిల్లలో తెలియని దూరపు యజమాని కాదు ఆయన. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కింద అవసరమవుతుంది.

1773 మార్చిలో భార్య చనిపోయింది. ఆ నెలలోనే మేసన్ వీలునామా రాశాడు. కొడుకులకు ఆయన చెప్పిన మాట అమెరికాలో చాలామంది ఉటంకిస్తారు. వీలైతే ప్రజాజీవితానికి దూరంగా ఉండండి, తప్పనిసరై దిగితే మాత్రం స్వలాభం కోసం దేశానికి ద్రోహం చేయొద్దు, పేదరికానికో అవమానానికో చావుకో భయపడి వెనక్కి తగ్గొద్దు, మీరు ఏ పవిత్రమైన హక్కులతో పుట్టారో వాటిని మీ తర్వాతివాళ్లకు అందించండి అని తండ్రి ఆశీర్వాదం మీద ఒట్టు పెట్టాడు. చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది, నిజం. అదే వీలునామాలో భూమితో పాటు బానిసలనూ పిల్లలకు పేరుపేరునా పంచాడు. వాళ్లకు ఇకముందు పుట్టబోయే పిల్లలతో సహా.

ఆ 'పుట్టబోయే పిల్లలు' ఎక్కణ్నుంచి వచ్చారంటే, 1662లో వర్జీనియా శాసనసభ చేసిన చట్టం నుంచి. బిడ్డ స్వేచ్ఛ తల్లి స్థితిని బట్టి నిర్ణయమవుతుందని ఆ చట్టం చెప్పింది. తల్లి బానిస అయితే బిడ్డ బానిస, తండ్రి ఎవరైనా సరే. కొందరు హక్కులతో పుడితే కొందరు వాటాగా పుట్టారు. పంచింది ఒకే చేయి, పంచిన కాగితమూ ఒకటే. కొత్త బ్యాచ్‌కి మేసన్ గురించి ఒక్కటే చెప్పే టైముంటే ఈ వీలునామా గురించి చెప్పండి.

కొత్తవాళ్లలో కొందరు 'మన దగ్గర వెట్టి ఉండేది కదా, అలాంటిదే' అనుకోవచ్చు. తెలంగాణ పల్లెల్లో వెట్టి ఎంత ఘోరంగా సాగిందో తాతల నోట విన్నవాళ్లు మీలోనూ ఉంటారు. కానీ రెండూ ఒకటని చెప్పకండి. వర్జీనియాలో మనిషే సరుకు. అప్పుకు తాకట్టు పెట్టొచ్చు, బాకీ కింద జప్తు చేయొచ్చు, తల్లిని ఒకచోటా బిడ్డను ఇంకోచోటా అమ్మొచ్చు. ఇవన్నీ చట్టప్రకారమే, రిజిస్ట్రారు పుస్తకంలో రాసి మరీ.

ఇక 1774. బ్రిటిష్ పార్లమెంటుకు వ్యతిరేకంగా జూలైలో ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీ చేసిన తీర్మానాల్లో మేసన్ చేయి పెద్దది, ఆ సభకు అధ్యక్షుడు వాషింగ్టన్. ఈ 24 తీర్మానాల్లో ఒకటి బానిసల దిగుమతిని దుర్మార్గమైన, క్రూరమైన, ప్రకృతికి విరుద్ధమైన వ్యాపారమని, అది శాశ్వతంగా ఆగిపోవాలని అంటుంది. గమనించండి, ఆగిపోవాలన్నది దిగుమతి. ఇప్పటికే ఉన్నవాళ్ల సంగతి అందులో లేదు.

1776 మే, జూన్ నెలల్లో విలియమ్స్‌బర్గ్‌లో వర్జీనియా సభ కూర్చుంది. హక్కుల ప్రకటన ముసాయిదాలో పెద్దభాగం రాసింది మేసనే. మనుషులందరూ ప్రకృతిసిద్ధంగా సమానంగా స్వేచ్ఛాపరులు, స్వతంత్రులు అని మొదలుపెట్టాడు. సభలో కలకలం రేగింది. ఈ వాక్యం బానిసలకూ వర్తిస్తుంది కదా, రేపు ఎవరైనా ఇదే పట్టుకుని అడిగితే? అనుమానం ఉత్తది కాదు. అంతకు కొన్ని నెలల ముందే, 1775 నవంబరులో, బ్రిటిష్ గవర్నరు డన్‌మోర్ తిరుగుబాటుదారుల బానిసలు తన సైన్యంలో చేరితే స్వేచ్ఛ ఇస్తానని ప్రకటించాడు. వందల మంది ఎస్టేట్లు వదిలి వెళ్లిపోయారు కూడా. సభ చివరికి ఒక ముక్క ఇరికించింది: 'సమాజంలో సభ్యులుగా చేరినప్పుడు' ఆ హక్కులను ఎవరూ తీసేయలేరు అని. బానిసలు సమాజంలో సభ్యులు కారు కాబట్టి చిక్కు తీరిపోయింది. ఆ ముక్క మేసన్ రాసింది కాదు, న్యాయంగా చెప్పాలంటే. కానీ ఆయన దాని మీద పోరాడినట్టు రికార్డూ లేదు. జూన్ 12న ప్రకటన ఆమోదం పొందింది. అదే సమయంలో ఫిలడెల్ఫియాలో జెఫర్సన్ స్వాతంత్ర్య ప్రకటన రాస్తున్నాడు, మేసన్ ముసాయిదా అక్కడి పత్రికల్లో అచ్చయింది. తర్వాతి వాక్యాలు ప్రపంచానికంతా తెలుసు.

నా దృష్టిలో మేసన్ కథకు గుండెకాయ 1787 ఆగస్టు 22. ఫిలడెల్ఫియాలో రాజ్యాంగ సభ. బానిసల దిగుమతిని కాంగ్రెస్ ఆపవచ్చా లేదా అనే చర్చ. మేసన్ లేచి మాట్లాడినదాన్ని తోటి సభ్యుడు జేమ్స్ మాడిసన్ నోట్సులో రాసుకున్నాడు. ఇది నరకప్రాయమైన వ్యాపారం, బ్రిటిష్ వర్తకుల అత్యాశ నుంచి పుట్టింది. బానిసలున్నచోట పేద తెల్లవాడు కష్టం చేయడాన్నే నామోషీగా చూస్తాడు. ప్రతి బానిస యజమానీ పుట్టుకతోనే ఒక చిన్న నిరంకుశుడు. మనుషుల్లా దేశాలకు పరలోకంలో శిక్ష వేయడం కుదరదు కాబట్టి, దేశాల పాపాలకు దేశమంతటికీ వచ్చే విపత్తులతో ఇక్కడే శిక్ష పడుతుంది. ఇదీ ఆ ప్రసంగం. బానిసత్వం మీద ఆ సభలో ఇంతకంటే ఘాటుగా మాట్లాడినవాళ్లు అరుదు.

జవాబులు వెంటనే వచ్చాయి. కనెక్టికట్ నుంచి వచ్చిన ఆలివర్ ఎల్స్‌వర్త్ అన్నాడు: నాకెప్పుడూ బానిసలు లేరు కాబట్టి మనిషి స్వభావం మీద దాని ప్రభావమేమిటో నేను చెప్పలేను. కానీ దీన్ని నీతి విషయంగానే చూడాలంటే ఇంకో అడుగు ముందుకేసి, ఇప్పటికే దేశంలో ఉన్నవాళ్లను కూడా విడిపించాలి. పైగా వర్జీనియాలో, మేరీల్యాండ్‌లో బానిసలు వేగంగా పెరుగుతున్నారు, అక్కడ దిగుమతి చేసుకోవడం కంటే పెంచుకోవడమే చవక. సౌత్ కరొలైనా నుంచి వచ్చిన జనరల్ పింక్నీ ఇంకా సూటిగా అన్నాడు: దిగుమతి ఆగితే లాభపడేది వర్జీనియాయే, వాళ్ల బానిసల ధర పెరుగుతుంది, వాళ్ల దగ్గర కావలసినదానికంటే ఎక్కువమంది ఉన్నారు.

పింక్నీ బానిసత్వాన్ని సమర్థించేవాడు, అతని మాటను నీతివాక్యంగా తీసుకోనక్కర్లేదు. కానీ లెక్క మాత్రం తప్పు కాదు. పొగాకు పండించీ పండించీ వర్జీనియా నేల సారం పోయింది, చాలామంది గోధుమకు మళ్లారు, అంత కూలీ అవసరం లేదు. వర్జీనియా 1778లోనే బయటినుంచి బానిసల దిగుమతిని చట్టం చేసి ఆపేసింది. 1790 మొదటి జనగణనలో ఆ ఒక్క రాష్ట్రంలో 2,92,627 మంది బానిసలు తేలారు, ఏ రాష్ట్రంలోనూ అంతమంది లేరు. తర్వాతి దశాబ్దాల్లో పత్తి పండే దక్షిణానికి వర్జీనియా నుంచి మనుషులను తోలుకెళ్లి అమ్మడమే ఒక పెద్ద వ్యాపారమైంది. చివరికి 1808 దాకా దిగుమతిని కాంగ్రెస్ ఆపకూడదని రాజ్యాంగంలో రాసుకున్నారు.

మేసన్ ఆ రాజ్యాంగం మీద సంతకం పెట్టలేదు. చివరిదాకా కూర్చుని కూడా పెట్టనివాళ్లు ముగ్గురే: మేసన్, ఎడ్మండ్ రాండాల్ఫ్, ఎల్‌బ్రిడ్జ్ జెర్రీ. దీనికంటే నా కుడిచెయ్యి నరుక్కుంటాను అన్నాడు మేసన్. హక్కుల ప్రకటన లేదన్నది ఆయన అభ్యంతరాల్లో మొట్టమొదటిది. హక్కుల పట్టిక చేర్చాలని సెప్టెంబరులో అడిగితే ఒక్క రాష్ట్రం కూడా ఓటు వేయలేదు. వాషింగ్టన్‌తో స్నేహం చెడింది. 1791 డిసెంబరులో హక్కుల పట్టికగా మొదటి పది సవరణలు రాజ్యాంగంలో చేరినప్పుడు ఆయన మాటే నెగ్గింది. ఆ తర్వాత ఏడాది కూడా నిండకుండా, 1792 అక్టోబరులో గన్‌స్టన్ హాల్‌లోనే కన్నుమూశాడు. విగ్రహం నిలబడి ఉన్నది ఈ మొండితనానికే, అందులో అతిశయోక్తి లేదు.

అయితే 1788 జూన్‌లో రిచ్‌మండ్‌లో, వర్జీనియా ఈ రాజ్యాంగాన్ని ఒప్పుకోవాలా వద్దా అనే సభలో ఆయన అన్నమాట విగ్రహం దగ్గర ఎవరూ చెప్పుకోరు. దిగుమతిని ఇరవై ఏళ్లు సాగనివ్వడాన్ని మళ్లీ తిట్టాడు. ఆ వెంటనే, మన దగ్గర ఇప్పటికే ఉన్న బానిసలు మన ఆస్తిగా మిగులుతారని ఈ కాగితంలో ఎక్కడా భద్రత లేదు అని ఫిర్యాదు చేశాడు. చేయకూడనిది చేశారు, చేయాల్సింది వదిలేశారు అని ప్రార్థన పుస్తకం భాషలో ముగించాడు. ఎల్స్‌వర్త్ అడిగిన ప్రశ్నకు ఇది పది నెలల తర్వాత వచ్చిన జవాబు అనుకోవచ్చు.

ఆయన్ని కపటి అని కొట్టేయడం సులువు. నాకు అలా అనిపించదు. ఆయన ఆ మాటలు మనస్ఫూర్తిగానే అన్నాడని నమ్ముతాను. బానిసత్వం యజమానిని ఎలా పాడుచేస్తుందో అద్దంలో చూసుకున్నట్టు చెప్పాడు. లెక్కలు తనే రాసుకునే మనిషి కాబట్టి, ఎవరి కష్టం మీద ఏది నిలబడిందో ఆయనకు అణాపైసలతో తెలుసు. తెలిసి, ఒప్పుకుని, రాసిపెట్టి, ఒక్కరినీ విడిపించకుండా చనిపోయాడు. తెలియక చేసినవాడి కంటే ఇతని గురించి మాట్లాడటమే కష్టం. అందుకే మాట్లాడమంటున్నాను.

'ఆ కాలంలో అందరూ అంతే' అని మీలో ఒకరైనా అంటారు. అందరూ అంతే కాదు. సొంత బానిసలను విడిపించుకునే వీలు కల్పిస్తూ 1782లో వర్జీనియాయే చట్టం చేసింది. మేసన్ ఇంకా బతికుండగానే, 1791లో, అదే రాష్ట్రంలో, ఒకప్పుడు గవర్నరు మండలిలో కూర్చున్న రాబర్ట్ కార్టర్ అనే పెద్ద భూస్వామి సుమారు 500 మందిని విడతలవారీగా విడిపించే పత్రం రాసి రిజిస్టరు చేయించాడు. కార్టర్ పేరున్న హుడీ ఎవరూ వేసుకోరు, అది వేరే సంగతి. పెన్సిల్వేనియా 1780లోనే క్రమంగా రద్దుచేసే చట్టం తెచ్చింది. అసలు 'అందరూ' అన్నప్పుడు లాగ్ టౌన్‌లో ఉన్నవాళ్లను లెక్కలోకి తీసుకున్నామా? వాళ్లదీ ఆ కాలమే.

ఇంకో ముక్క చెప్పి ముందుకెళ్తాను. పైన చెప్పిన జాన్ మేసన్ కొడుకు, అంటే జార్జ్ మేసన్ మనవడు, జేమ్స్ ముర్రే మేసన్ అమెరికా సెనేటరయ్యాడు. పారిపోయిన బానిసలను పట్టి యజమానికి అప్పజెప్పాలనే 1850 నాటి చట్టాన్ని తయారుచేసింది ఆయనే. 1861లో అంతర్యుద్ధమొచ్చాక, బానిసత్వం కోసం విడిపోయిన దక్షిణాది ప్రభుత్వం తరఫున రాయబారిగా వెళ్లాడు. దేశాల పాపాలకు విపత్తులు అని తాత హెచ్చరించాడు. మనవడు ఆ విపత్తులో పాపం వైపే నిలబడ్డాడు.

ఇది తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ మధ్య గొడవ, మనకెందుకు అనేవాళ్లకు రెండు విషయాలు గుర్తుచేయండి. పుట్టుకతో సమానమన్న వాక్యం కింద మనవాళ్లూ చాలాకాలం పడలేదు. 1790 చట్టం పౌరసత్వాన్ని 'స్వేచ్ఛగల తెల్లవారికే' పరిమితం చేసింది, భారతీయులకు ఆ అర్హతను చట్టం చేసి ఇచ్చింది 1946లో. రెండోది మన రాజ్యాంగం. ప్రాథమిక హక్కులు రాసేటప్పుడు మనవాళ్లు అమెరికా హక్కుల పట్టికను దగ్గర పెట్టుకుని చూశారు. అయితే మేసన్ సభ వదిలేసినదాన్ని మనవాళ్లు వదల్లేదు. మనుషుల క్రయవిక్రయాలను, వెట్టిని నిషేధిస్తూ 23వ అధికరణం మూడో భాగంలోనే ఉంది. అమల్లో ఎంతుందో మీకూ నాకూ తెలుసు, కాగితం మీదైనా ఉంది.

ఇక పని సంగతి. మేసన్ బానిసల గురించి వెతికింది బయటి చరిత్రకారులు మాత్రమే కాదు, మీ క్యాంపస్ విద్యార్థులే. ప్రొఫెసర్లతో కలిసి 2017లో మొదలుపెట్టారు. పాత పత్రాలు తిరగేసి పేర్లు బయటికి తీశారు. దాని ఫలితమే 2022లో విల్కిన్స్ ప్లాజాలో తెరిచిన స్మారకం. అక్కడ పలకల మీద ప్రత్యేకంగా గుర్తుచేసుకున్నది ఇద్దరిని: మేసన్ సేవకుడు జేమ్స్, పెన్నీ అనే చిన్నపిల్ల. యూనివర్సిటీ చేయాల్సింది కొంత చేసింది కదా అని ఊరుకుంటే, కొత్తగా వచ్చిన మన పిల్లలు దాని పక్కనుంచే ఫోన్ చూసుకుంటూ వెళ్లిపోతారు. మొదటి నెలలో మీరు పెట్టుకునే గెట్ టుగెదర్ రోజున ఒక అరగంట అక్కడ ఆగండి. వీలునామాలో కొడుకులకు చెప్పిన మాటలు ఒకరు, ఆస్తి పంపకం ఇంకొకరు తెలుగులో చదవండి. ప్రసంగాలు వద్దు.

ఆ తర్వాత ఒక శనివారం గన్‌స్టన్ హాల్. ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీలోనే, లార్టన్ దగ్గర ఉంది. అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాషింగ్టన్ ఇల్లు మౌంట్ వెర్నన్ దాకా ఎలాగూ తీసుకెళ్తారు, ఇదీ ఆ నది ఒడ్డునే. హాల్లో చెక్కపని చూసి మురిసిపోండి, తప్పులేదు, కానీ ఇంటి పక్క ఆవరణలో మళ్లీ కట్టిన వంటశాల, చాకిరేవు గదుల దగ్గర కూడా అంతే సేపు నిలబడండి. గైడును అడగండి, ఇక్కడ పనిచేసినవాళ్ల పేర్లేమిటని. అడిగితే చెప్తారు.

ఇదంతా ఓపీటీకి, అంటే చదువయ్యాక ఇక్కడ పనిచేసుకునే అనుమతికి, పనికొస్తుందా అని ఎవరో ఒకరు అడుగుతారు. పనికిరాదని చెప్పేయండి.

సెప్టెంబరులో ఏ శనివారమైనా నాకు పర్వాలేదు. కార్లు సరిపోకపోతే చెప్పండి, నా కారులో నలుగురు పడతారు.

ఇట్లు,
ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీలో ఉంటున్న మీ తెలుగువాడు